టైబర్ మొగలో మేట

మధ్యధరా సముద్రం అనగానే తెలుగు పాఠకుడి మనసులో మెదిలేది కొండలు నేరుగా నీళ్లలోకి దిగి, వాటి ఒడిలో అలల తాకిడి లేని అఖాతాలు ఏర్పడిన తీరం. ఇటలీలో అలాంటి తీరం లేకపోలేదు కాని, రోమ్ నగరానికి దగ్గరగా ఉన్న పడమటి తీరం మాత్రం నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె తీరాన్నే గుర్తుకు తెస్తుంది: గీత గీసినట్టు సాగిపోయే ఇసుక ఒడ్డు, దాని వెనుక పల్లపు నేలలు, ఉప్పునీటి మడుగులు, వాటిని దాటుకుని వచ్చి సముద్రంలో కలిసే ఒక నది. నెల్లూరుకు పెన్న ఎలాంటిదో రోమ్‌కు టైబర్ అలాంటిది. నదిగాని ఉప్పుటేరుగాని సముద్రంలో కలిసే చోటును నెల్లూరు తీరంలో మొగ అంటారు. అక్కడ ఇసుక, ఒండ్రు పేరుకుని దారి మూసుకుపోతే మేట వేసింది అంటారు. రోమన్ చరిత్రను యుద్ధాల వైపు నుంచి, చక్రవర్తుల వైపు నుంచి చెప్పడం పాఠ్యపుస్తకాల ఆనవాయితీ అయినా, మొగ, మేట అనే ఈ రెండు మాటల వైపు నుంచి చెబితే ఆ చరిత్ర జువ్వలదిన్నె వారికి ఇంకా దగ్గరగా వస్తుంది.

రోమ్ నగరం తన చుట్టుపక్కల పండిన గోధుమలతో బతకగలిగిన రోజులు క్రీస్తుకు ముందే ముగిసిపోయాయి. అగస్టస్ చక్రవర్తి కాలానికి నగరంలో దాదాపు 2,00,000 మంది పౌరులకు ప్రభుత్వం ఉచితంగా గోధుమలు పంచేది. మనిషికి నెలకు 5 మోడియస్‌లు, అంటే ఇప్పటి లెక్కలో సుమారు 33 కిలోలు. కార్డు చూపి బియ్యం తెచ్చుకోవడం ఎరిగిన తెలుగువారికి ఈ ఏర్పాటును వివరించనక్కరలేదు, అది ఒక్క నెల ఆగితే వీధుల్లో ఏం జరుగుతుందో కూడా వివరించనక్కరలేదు. ఆ గోధుమలు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడల్లో రావాలి. టైబర్ మొగలో ఆస్టియా అనే పట్టణం ఉన్నప్పటికీ, నది తెచ్చిన ఒండ్రు మేట వేయడం వల్ల పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయేవి. అవి ఆస్టియా ఎదుట నడిసముద్రంలో లంగరు వేసి సరుకును చిన్న పడవల్లోకి దించవలసి వచ్చేది, లేదా 200 కిలోమీటర్ల దక్షిణాన నేపుల్స్ అఖాతంలో ఉన్న పుటియోలీ రేవుకు పోవలసి వచ్చేది. ఆస్టియాకు రేవు అన్నదే లేదని భూగోళ రచయిత స్ట్రాబో రాసింది ఈ స్థితిని చూసే.

క్రీ.శ. 42లో క్లాడియస్ చక్రవర్తి ఈ తీరంలో కృత్రిమంగా ఒక రేవు కట్టించాలని పూనుకున్నాడు. ఖర్చెంత అవుతుందని ఆయన అడిగినప్పుడు, ఆ మొత్తం వింటే మీరు ఈ పని తలపెట్టరని నిర్మాణ నిపుణులు జవాబిచ్చారని డియో అనే చరిత్రకారుడు నమోదు చేశాడు. అయినా పని మొదలైంది. టైబర్ మొగకు ఉత్తరాన మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో సముద్రంలోకి రెండు చేతులు చాచినట్టు రెండు కట్టలు పోసి, వాటి మధ్య సుమారు 200 హెక్టార్ల నీటిని అలల నుంచి వేరు చేశారు. ఈ రోజుల్లో బ్రేక్‌వాటర్ అని పిలిచేది ఇలాంటి కట్టనే. జువ్వలదిన్నెలో 2024 ఆగస్టులో ప్రారంభమైన ఫిషింగ్ హార్బరు కూడా ఇదే సూత్రం మీద కట్టినది: ప్రకృతి అఖాతం ఇవ్వని చోట మనిషే ఒక అఖాతాన్ని తయారుచేసుకోవడం.

ఈ రేవు దీపస్తంభానికి పునాది వేసిన తీరు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. క్లాడియస్‌కు ముందు పాలించిన కలిగ్యులా, ఈజిప్టు నుంచి ఒక ఏకశిలా స్తంభాన్ని రోమ్‌కు తెప్పించడానికి అసాధారణమైన పరిమాణంలో ఒక ఓడను కట్టించాడు. రాతి బరువుకు ఓడ ఒరిగిపోకుండా అడుగున 1,20,000 మోడియస్‌ల మసూర్ పప్పు పోశారని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాశాడు. ఆ ఏకశిల నేడు వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చౌకులో నిలబడి ఉంది, దాని కింద నిలబడి ఫోటోలు దిగేవారిలో ఆ పప్పు సంగతి తెలిసినవారు బహుశా తక్కువ. కొన్నేళ్ల పాటు జనం చూడటానికి ఉంచిన ఆ ఓడను క్లాడియస్ పుటియోలీకి పంపి, దాని మీద అక్కడి బూడిదమట్టితో చేసిన కాంక్రీటు దిమ్మలను గోపురాల ఎత్తున లేపించి, ఆస్టియా దాకా తెప్పించి, అనుకున్న చోట ముంచివేయించాడు. మునిగిన ఓడే దీపస్తంభానికి పునాది అయింది. పుటియోలీ బూడిదకు ఒక గుణం ఉంది: అగ్నిపర్వతం కక్కిన ఆ మట్టిని సున్నంతో, రాతిముక్కలతో కలిపి పోస్తే అది నీటి అడుగున కూడా గట్టిపడుతుంది. విట్రూవియస్ అనే వాస్తుశిల్పి తన గ్రంథంలో ఈ మిశ్రమంతో రేవులు కట్టే పద్ధతిని వివరంగా చెప్పాడు.

ఇంత చేసినా క్లాడియస్ రేవు రేవుగా గొప్పది కాదనే చెప్పాలి. చుట్టూ కట్ట ఉన్నప్పటికీ లోపలి నీటి విస్తీర్ణం మరీ ఎక్కువ కావడంతో, గాలి లేస్తే లోపలే అలలు పుట్టేవి. క్రీ.శ. 62లో వచ్చిన తుపానులో రేవు లోపల ఉన్న ఓడలే దాదాపు 200 మునిగిపోయాయని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. దానికి తోడు, టైబర్ మొగకు అంత సమీపంలో కట్టిన రేవులోకి టైబర్ ఒండ్రు రాకుండా ఉంటుందని ఎందుకు అనుకున్నారో అర్థం కాదు. కట్టిన రోజు నుంచే అది పూడటం మొదలైంది. నేడు ఆ చోట సముద్రం లేదు. తీరం మూడు కిలోమీటర్లకు పైగా పడమటికి జరిగిపోయింది, పాత రేవు ఉత్తర భాగం రోమ్ సమీపంలోని ఫ్యుమిచీనో విమానాశ్రయం పరిసరాల్లో కలిసిపోయింది. ఇటలీలో చదువుకోవడానికో, ఉద్యోగానికో ఇక్కడ విమానం దిగే తెలుగు యువతీయువకులు ఆ దేశంలో మొదట అడుగుపెట్టేది రోమన్ల ఓడలు లంగరు వేసిన నీటి అంచున అన్నమాట.

విమానాశ్రయం కట్టేటప్పుడు, 1958 నుంచి 1965 వరకు, పాత కట్ట పక్కన మట్టిలో 5 పడవల అవశేషాలు దొరికాయి. వాటి కోసం అక్కడే నిర్మించిన ప్రదర్శనశాల 1979లో తెరుచుకుని, 2002లో మూతబడి, 2021లో మళ్లీ తెరుచుకుంది. సరుకు పడవల మధ్య అక్కడ ఒక చిన్న చేపల పడవ ఉంది. పొడవు 5 మీటర్ల పైచిలుకు, కాలం క్రీ.శ. 2వ శతాబ్దం. దాని నడుమ భాగంలో పలకలతో బిగించిన ఒక పెట్టె, ఆ పెట్టె అడుగున పడవ చెక్కకు వరుసగా వేసిన చిల్లులు, ఒక్కో చిల్లికి ఒక్కో బిరడా. బిరడాలు తీస్తే సముద్రపు నీరు పెట్టెలోకి వచ్చి, పట్టిన చేపలు ఒడ్డు చేరేదాకా బతికే ఉంటాయి. పెట్టె గోడలు గట్టిగా ఉన్నాయి కనుక నీరు పడవలోకి పొంగదు. ఐసు లేని కాలంలో చేపను చెడకుండా తేవడానికి ఒక జాలరి, అతనికి పడవ కట్టిచ్చిన వడ్రంగి కలిసి ఆలోచించిన ఉపాయం ఇది. రోమ్ వచ్చే తెలుగు యాత్రికులు కొలోసియం ముందు గంటల కొద్దీ వరుసలో నిలబడతారు. జువ్వలదిన్నె నుంచి వచ్చేవారికైతే ఈ పడవను ముందు చూపించడమే న్యాయం.

క్లాడియస్ రేవు లోపాన్ని సరిదిద్దినవాడు ట్రాజన్ చక్రవర్తి. క్రీ.శ. 2వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఆయన పాత రేవుకు లోపలి వైపు, నేలను తవ్వి ఆరు భుజాల రేవు ఒకటి కట్టించాడు. ఒక్కో భుజం 358 మీటర్లు, లోతు 5 మీటర్లు, వైశాల్యం 32 హెక్టార్ల పైచిలుకు. ఆరు భుజాల ఆకారంలో అందం ఉంది కాని దానిని ఎంచుకున్నది అందం కోసం కాదు: ప్రతి భుజం తిన్నగా ఉండటం వల్ల ఓడలు వరుసగా ఒడ్డుకు ఆనుకుని నిలుస్తాయి, వెనుకనే గోదాములు ఉంటాయి, పక్కనే తవ్విన కాలువ రేవును టైబర్‌తో కలుపుతుంది. అక్కడ నదీ పడవల్లోకి ఎక్కించిన గోధుమలను గట్టు మీద నడుస్తూ తాళ్లతో లాగి రోమ్‌కు చేర్చేవారు; బకింగ్‌హామ్ కాలువలో పడవలను లాగిన తీరు విన్నవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఆ ఆరు భుజాల రేవు ఇప్పటికీ చెదరలేదు. సముద్రంతో సంబంధం తెగి, చుట్టూ పైన్ చెట్ల మధ్య నిశ్చలమైన చెరువుగా, విమానంలో కిటికీ పక్కన కూర్చున్నవారికి స్పష్టంగా కనిపిస్తుంది.

ట్రాజన్ పేరు నెల్లూరు జిల్లాకు పరాయిది కాదు. 1780ల నడుమ నెల్లూరు సమీపంలో పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలితే, తవ్వి చూడగా ఒక చిన్న గుడి అవశేషాలు, వాటి కింద ఒక కుండ, ఆ కుండలో బంగారు నాణాలు బయటపడ్డాయి. రైతు వాటిని పాత బంగారం ధరకు అమ్మేశాడు, చాలా భాగం కొలిమిలో కరిగిపోయాయి. మిగిలిన వాటిని గురించి మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో రాసిన లేఖ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంపుటాల్లో అచ్చయింది. వాటిలో ట్రాజన్, ఆయన తరువాతి హేడ్రియన్, మహారాణి ఫౌస్టీనా ముద్రలున్న నాణాలు ఉన్నాయి. కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తుండగా, మరికొన్ని అరిగిపోయి, చిల్లులు పడి, ఒంటి మీద నగలుగా ధరించినట్టు కనిపించాయి. ఈ చివరి వివరం తెలుగువారికి ప్రత్యేకంగా పట్టుకోవలసినది. రోమ్‌లో చక్రవర్తి అధికారానికి గుర్తు అయిన నాణెం, పెన్న ఒడ్డున చేరాక కాసులపేరులో ఒక కాసు అయింది.

ఆ బంగారం వచ్చిన దారి తెలిసినదే. ఇటలీ రేవుల నుంచి అలెగ్జాండ్రియాకు, అక్కడి నుంచి నైలు నది మీదుగా కాప్టోస్‌కు, ఒంటెల మీద ఎడారి దాటి ఎర్ర సముద్రపు రేవులకు, ఆపై నైరుతి రుతుపవనాల ఊతంతో మలబారు తీరంలోని ముజిరిస్‌కు ఓడల్లో వచ్చేది; తూర్పు తీరానికి సరుకు మెట్టదారిన, తీరం వెంట తిరిగే పడవల మీద చేరేది. పెరిప్లస్ అనే గ్రీకు నావికుల కరదీపిక కృష్ణా మొగ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని మసాలియా అని పేర్కొని, అక్కడ సన్నని నూలుబట్ట విరివిగా తయారవుతుందని చెప్పింది. ఇండియా ఏటా తమ సామ్రాజ్యం నుంచి 5 కోట్ల సెస్టర్సులు లాగేసుకుంటోందని పెద్ద ప్లినీ వాపోయాడు. మిరియాలకు, ముత్యాలకు, పలుచని బట్టలకు మోజుపడినది రోమ్ వారే కనుక ఆ ఏడుపులో పూర్తి న్యాయం లేదు.

ట్రాజన్ కట్టించిన రేవు మరొకటి రోమ్‌కు ఉత్తరాన చివిటావెక్యా పట్టణంలో ఉంది. అది పూడలేదు, విహార నౌకలు నేడు ఆ పట్టణానికే వస్తాయి. ఆ రేవు కట్టే రోజుల్లో పెద్ద ప్లినీ మేనల్లుడు చిన్న ప్లినీ స్వయంగా చూసి మిత్రుడికి ఉత్తరం రాశాడు: వెడల్పాటి పడవ మీద పెద్ద బండలు తెచ్చి రేవు ముఖద్వారం ఎదుట ఒకదాని మీద ఒకటి పడవేస్తుంటే, వాటి బరువే వాటిని నిలబెడుతూ క్రమంగా ఒక దీవి లేస్తోందని, అలలు దానికి కొట్టుకుని నురగలై ఎగసిపడుతున్నాయని. టిప్పర్లు, క్రేన్లు వచ్చాయన్న తేడా తప్ప, బండలు పోసి రేవు కట్టడం చూసిన జువ్వలదిన్నెలో ఈ ఉత్తరాన్ని ఎవరు చదివినా అది తమ ఊరి సంగతే అనుకుంటారు.

రోమ్‌కు దక్షిణంగా పోతే టెరచీనా వద్ద కొండ అంచు సముద్రాన్ని తాకుతుంది. అక్కడ అప్పియా రాజమార్గానికి దారి ఇవ్వడానికి ట్రాజన్ కాలపు రాళ్లు కొట్టేవారు కొండను నిట్టనిలువుగా చెక్కి, పై నుంచి ప్రతి 10 అడుగులకు ఒక అంకె మలుస్తూ కిందికి దిగారు. అడుగున 120 అనే రోమన్ అంకె ఇప్పటికీ చదవవచ్చు. అది రాజు గొప్ప చాటే శాసనం కాదు, పనివారి కొలత. ఇంకొంత దూరంలోని స్పెర్లోంగాలో టైబీరియస్ చక్రవర్తి విందులు చేసుకున్న గుహ ముందు చేపల చెరువులున్నాయి. నీళ్ల కింది గోడల్లో మట్టికూజాలను అడ్డంగా పొదిగి, చేపలు ఎండ తప్పించుకుని దాక్కునేందుకు వీలు కల్పించారు. నెల్లూరు తీరపు రొయ్యల రైతు కూడా మెచ్చుకునే ఏర్పాటు.

పుటియోలీ నేడు పొజువోలీ. దాని చుట్టూ ఉన్నదంతా ఒక అగ్నిపర్వతం నోరు, అక్కడి నేల శతాబ్దాలుగా మెల్లగా కుంగుతూ, మళ్లీ లేస్తూ ఉంటుంది. పట్టణం నడుమ రోమన్ల కాలపు అంగడి శిథిలంలో మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. నిలువెత్తుకు ఎంతో పైన వాటి చుట్టూ వలయంగా చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. అవి రాతిని తొలిచే ఒక జాతి ఆల్చిప్పలు చేసిన రంధ్రాలు, అంటే ఒకప్పుడు ఆ స్తంభాలు అంత ఎత్తు వరకు సముద్రంలో మునిగి, తరువాత తేలాయన్నమాట. భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్ 1830లో ప్రచురించిన తన గ్రంథానికి ముఖచిత్రంగా ఈ స్తంభాలనే ఎంచుకున్నాడు. 1970లో నేల లేస్తున్నదని అక్కడి పాతబస్తీ ప్రజలను ఇళ్లు ఖాళీ చేయించారు, 1982–84 మధ్య నేల దాదాపు 1.8 మీటర్లు లేచింది, 2005 నుంచి మళ్లీ లేస్తూ ఇప్పటికి మీటరుకు పైగా పెరిగింది. పక్కనున్న బాయే పట్టణపు రోమన్ భవనాలు ఇంకా నీటి అడుగునే ఉండగా, పొజువోలీలో చిన్న పడవలు కట్టుకునే పాత రేవు అడుగు మాత్రం పైకి తేలింది. మెట్లు నీటికి అందడం లేదు. గోడకు బిగించిన ఇనుప వలయాలు తల ఎత్తి చూసే ఎత్తుకు చేరాయి. నీరు తగ్గిన వేళ పడవలు బురదలో పక్కకు ఒరిగి ఉంటాయి. వాటి యజమానులు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటూ, లోతు ఉన్న చోటు కోసం పడవలను బయటి కట్ట దగ్గరికి మార్చే సంగతి మాట్లాడుకుంటూ ఉంటారు.