జొన్నకూడు - మతిచలనము

పలనాటి జొన్నకూటికి శ్రీనాథుని నాటినుండియు పేరున్నది. ఆ కవిసార్వభౌముని పేర వ్యాపించిన చాటువులలో ఆ కూటిపై వేళాకోళము మెండు. సన్నన్నము మరిగిన రసికుని విసుగు అది. ఆ గింజ చుట్టు వైద్యశాస్త్రమునకు ఒక పెద్ద చిక్కుముడి పడనున్నదని ఆయన ఎట్లు ఊహింపగలడు? మాచెర్ల, గురజాల సీమలవలెనే తెలంగాణములోను, రాయలసీమలోను, మరాఠా మెట్టభూములలోను బీదలకు చిరకాలము జొన్నయే ప్రాణాధారమై యుండెను. దక్కనులో జొన్నపై బ్రతుకు ఈ పేదలలోనే హైదరాబాదు వైద్యులు పెల్లాగ్రా అను వ్యాధిని చూచినారు.

నిన్నమొన్నటివరకు నాగలి పట్టిన మనిషికి మొదట నిద్ర పట్టదు. చిరాకు, ఆపై దిగులు. కొలది వారములలో మాట తడబడును. పగలో రేయో తెలియదు. తుదకు కన్నబిడ్డలనే పోల్చుకొనలేడు. గాలి సోకినదని ఇంటివారు తాయెత్తులు కట్టింతురు. తెలిసిన వైద్యుడు మాత్రము ముందుగా రోగి చేతులు చూచును. ఎండ తగులు ముంజేతులు, పాదములు నల్లబారి, పొలుసులు కట్టి, రెండువైపుల ఒకే తీరున ఉండును. మెడచుట్టు కంటె పెట్టినట్లు మచ్చ తేలును. నాలుక ఎఱ్ఱబారును, విరేచనములు పట్టును. చర్మము, ప్రేగులు, మెదడు మూడును చెడుటకు కారణము ఒక్కటే.

ఈ కారణము దొరకుటకు రెండు వందల ఏండ్లు పట్టినది. స్పెయిను వైద్యుడు కాసల్ 1735లో ఈ వ్యాధిని గుర్తించెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో మొక్కజొన్న తిను పేదలు వేలకొలది దీని వాతబడి, పలువురు పిచ్చాసుపత్రుల పాలైరి. ఇది అంటువ్యాధి యని నాటి పెద్దల నమ్మకము. 1914లో గోల్డ్‌బెర్గరు అను వైద్యుడు ఒక చిన్న సంగతి గమనించెను: ఆ ఆసుపత్రులలో రోగులకు పెల్లాగ్రా వచ్చుచున్నది, వారిని కనిపెట్టుకొని యుండు పరిచారకులకు రాదు. అంటునదైన, వారిని విడుచునా? తేడా కంచములో ఉన్నదని ఆయన తేల్చెను. కొరతపడిన పదార్థము నికొటినికామ్లమని 1937లో ఎల్వెజెం పరిశోధన వలన తెలిసినది. అది ఇచ్చిన కొలది దినములలోనే, ఎవరినీ గుర్తింపని రోగి తెలివిలోనికి వచ్చి ఇంటివారిని పేరుపెట్టి పిలుచును. పిచ్చివాడని ముద్రపడిన మనిషి ఇట్లు మరలివచ్చుట వైద్యచరిత్రలో అరుదైన విషయము.

మొక్కజొన్న కథ అంతటితో తీరినది. అందలి నికొటినికామ్లము శరీరమునకు చిక్కని రూపములో ఉండును. దానిని మనలో పుట్టించు ట్రిప్టోఫాను అను మాంసకృత్తు భాగము కూడ అందులో తక్కువ. మన జొన్నకు ఈ రెండు దోషములును సరిగా వర్తింపవు. మరి వ్యాధి ఎందుకు? 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయములో గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు ఈ ప్రశ్న పట్టుకొన్నారు. జొన్నలో లూసీను అను మరొక మాంసకృత్తు భాగము అధికమనియు, అది నికొటినికామ్లపు పనికి అడ్డుతగులుననియు 1960లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. లోపమే రోగమునకు మూలమని నమ్మిన లోకమునకు, ఒకటి ఎక్కువైనను రోగము రావచ్చునను మాట క్రొత్త. అన్ని ప్రయోగశాలలలోను ఇదే ఫలితము రాలేదు గనుక వాదము ఇంకను పూర్తిగా తెగలేదు. అయినను, పరాయి దేశపు సమాధానమును మన కంచమునకు అతికింపక, మన గింజనే పరీక్షించిన ఆ పట్టుదల మనకు మెచ్చదగినదిగా తోచును. 1968లో అక్కడి పరిశోధకులు పెల్లాగ్రా రోగుల మెదడులోని విద్యుత్తరంగములను గూడ నమోదు చేసి ప్రకటించినారు.

జొన్నను నిందింపరాదు. పప్పు, పాలు, మాంసము తోడైనచో జొన్నకూడు బలమైన ఆహారమే. ఏడాది పొడుగున సంకటిలోనికి కారము తప్ప వేరెరుగని లేమియే అసలు దోషి. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట పలనాట మెట్ట మాగాణియై వరి వచ్చినది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. కంచము మారినది, పెల్లాగ్రా చాలవరకు తగ్గినది. కాని అంతరింపలేదు. నేడు అది త్రాగుడుకు లోనై అన్నము మానినవారిలోను, క్షయకు ఐసోనియాజిడు మాత్రలు వాడువారిలో కొందరియందును తలయెత్తుచుండును. అట్టివారిలో మతి తప్పినవాని ముంజేతులను నేటికిని వైద్యులు తిప్పి చూచుచున్నారు.