పరీక్ష పుణెది, పడక నారాయణగూడది: యుద్ధం తర్వాత మెతుకుసీమ ఆడపిల్లల చదువు

1930 మార్చిలో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమైంది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. ఆ రోజుల్లోనే, ఆ ఊళ్ళోనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళా సభ కూడా తొలిసారి కొలువు తీరింది. బాల్యవివాహాలు పోవాలి, పరదా పోవాలి, ఆడపిల్లలకు చదువు కావాలి అన్న మాటలు మెతుకుసీమగా పిలిచే ఆనాటి మెదక్ జిల్లాలో బహిరంగంగా వినిపించాయి. జోగిపేట ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది.

పదిహేనేళ్ళకు, 1945లో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. ఈ లోపు ఆ తీర్మానాలు బడిగా మారాయా? మారాయిగానీ బడి జోగిపేటకు రాలేదు, అమ్మాయే బడిని వెతుక్కుంటూ వెళ్ళాల్సి వచ్చింది. స్త్రీవిద్య చరిత్రను సాధారణంగా పాఠశాలల ప్రారంభోత్సవాల తేదీలతో రాస్తుంటారు. ఈ ప్రాంతం విషయంలో ఆ లెక్క సరిపోదు. ఇక్కడి ఆడపిల్ల చదువును నడిపించినవి రెండు: పరీక్ష ఏ భాషలో ఉంది, రాత్రి ఎక్కడ పడుకోవాలి. యుద్ధానంతర విద్యార్థినుల జీవితాన్ని ఈ రెండు ప్రశ్నల నుంచి చూస్తేనే దాని అసలు రూపు తెలుస్తుంది.

మొదటి యుద్ధం నాటి పునాదులు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆధునిక ఉన్నత విద్యను ఒక భారతీయ భాషలో అందించడం అప్పట్లో పెద్ద సాహసం. ఆ భాష ఉర్దూ. రాష్ట్రంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు అందులో బోధనా భాషగా చోటు లేదు. పై చదువు ఉర్దూలో ఉంటే కింది బడి దానికి సిద్ధం చేసేదే అవుతుంది. ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. మగపిల్లవాడికి ఆ శ్రమకు ఫలితంగా గిర్దావరు కొలువో గుమాస్తా కొలువో దొరికేది. ఆడపిల్లను కొలువుకు పంపే ఆలోచనే లేని ఇంట్లో, ఆమె చేత పరాయి భాషలో పరీక్ష ఎందుకు రాయించాలన్న ప్రశ్నకు జవాబు ఉండేది కాదు.

రాజధానిలో ఆడపిల్లల బడులు లేకపోలేదు. 1895 నాటి స్టాన్లీ పాఠశాల మిషనరీలది. 1907లో మొదలైన మహబూబియాలో ఇంగ్లీషు చదువు, సీనియర్ కేంబ్రిడ్జి పరీక్ష, పరదా ఏర్పాట్లు ఉండేవి. నవాబుల, పెద్ద ఉద్యోగుల కుటుంబాల నుంచి అమ్మాయిలు వచ్చేవారు. ఇటు మెదక్‌లో వెస్లియన్ మిషన్ పనిచేసేది. మొదటి యుద్ధకాలపు కరువులో చార్లెస్ వాకర్ పాస్నెట్ చర్చి నిర్మాణాన్ని కూలీలకు పనిగా, పనిని తిండిగా మార్చాడు. ఆ కెథడ్రల్ 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. మిషన్ వసతి పాఠశాలల్లో పేద, దళిత క్రైస్తవ కుటుంబాల పిల్లలు చదివారు. ఆడపిల్ల బడికి రావాలంటే ముందు ఆమెకు తిండి, నీడ చూపాలన్న సంగతిని ఈ జిల్లాలో మొదట గ్రహించింది వాళ్ళే అనాలి.

కార్వే సభలో అవమానం, కార్వే విద్యాలయంలో ఆసరా

తెలుగు బడి కథ ఒక గొడవతో మొదలవుతుంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కరణ సభ జరిగింది. మహారాష్ట్రలో స్త్రీవిద్యకు జీవితం ధారపోసిన ధోండో కేశవ్ కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటానికి లేవగానే సభలో గోల మొదలైంది, చప్పట్లతో ఆయన మాటను ముంచేశారు. ఆ రాత్రి కూర్చున్న కొద్దిమంది తెలుగువాళ్ళు ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించారు. జోగిపేట సభకు మూలం అదే.

ఆ బృందంలో ముఖ్యుడైన మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంతో బాలికల పాఠశాల పెట్టించాడు. నారాయణగూడలో స్థిరపడిన ఆ బడికి వెంటనే ఒక చిక్కు ఎదురైంది. తెలుగులో చదివిన అమ్మాయికి మెట్రిక్ పరీక్ష ఎవరు పెడతారు? ఉస్మానియా పెట్టదు. దారి చూపింది కార్వేనే. 1916లో పుణెలో ఆయన నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయం మాతృభాషలో బోధనను సూత్రంగా పెట్టుకుంది. విఠల్‌దాస్ ఠాకర్సీ 15 లక్షల విరాళంతో అది ఆయన తల్లి నాథీబాయి పేరు దాల్చింది. ఏ సభలో తెలుగుకు అవమానం జరిగిందో ఆ సభాధ్యక్షుడి విద్యాలయమే నిజాం రాష్ట్రపు తెలుగు అమ్మాయిల చేత తెలుగులో పరీక్ష రాయించింది. సొంత సర్కారు గుర్తించని చదువుకు ఎక్కడో పుణెలో గుర్తింపు దొరికింది. దాని పట్టాకు ఇక్కడి దఫ్తర్లలో ఉర్దూ పట్టాకున్న విలువ లేకపోయినా, తెలుగు ఇంటి తండ్రి కూతుర్ని బడికి పంపడానికి అది చాలింది.

రెండో చిక్కు పడక. పట్నంలో ఉండేవాళ్ళయితే పరదా కట్టిన బండిలో బడికి వచ్చి పోవచ్చు. ఆలేరు పిల్లో పాలమూరు పిల్లో ఏం చేయాలి? కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో మగపిల్లలకు 1918లో రెడ్డి హాస్టల్ వచ్చింది. ఆడపిల్లలకూ ఆ కోవలోనే వసతిగృహం ఏర్పడింది. బడి, హాస్టలు రెండూ అమరాకే జిల్లాల అమ్మాయిలు కదిలారు.

సంగారెడ్డి నుంచి పట్నం దారి

ఆనాటి మెదక్ జిల్లాకు సంగారెడ్డే కేంద్రం. అయినా ఆ ఊరికి రైలు లేదు. ఉన్నది పటాన్‌చెరు మీదుగా హైదరాబాదు వెళ్ళే బొంబాయి రోడ్డు. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. మొత్తం రాష్ట్రానికి 27 బస్సులంటే పల్లె అమ్మాయి వాటాకు ఎంత వస్తుందో ఊహించవచ్చు. పల్లె నుంచి తాలూకాకు ఎడ్లబండి, అక్కణ్నుంచి దొరికిన బస్సు. రోజూ వచ్చిపోయే చదువు పటాన్‌చెరు పిల్లకు కూడా అసాధ్యమే. సెలవులకు ఇంటికి రావాలన్నా తోడుగా అన్నో బాబాయో వెళ్ళి తీసుకురావాల్సిందే. బడి అంటే ఆమెకు ఊరు విడిచి ఉండటం. అందుకే హాస్టలు పేరు విని ఒప్పుకునే తల్లిదండ్రులు ఉన్నారా లేరా అన్నదే ఆమె తలరాత.

యుద్ధం ఆ తలరాతకు మరో బరువు చేర్చింది. యుద్ధం ఆగినా కరువు కాటకాలు ఆగలేదు. పండిన ధాన్యంలో లెవీ పేరుతో సర్కారు కొలిపించుకునేది. పట్నంలో రేషను. లెవీ గింజలు కొలిచి మిగిలినదాంట్లో పిల్ల హాస్టలు ఖర్చు తీయగలిగినవి భూవసతి ఉన్న ఇళ్ళే. కాబట్టి నారాయణగూడ బడిలో ఎక్కువగా కనిపించింది దేశ్‌ముఖుల, పటేళ్ళ, పట్వారీల, వకీళ్ళ కూతుళ్ళు. ఆంధ్రోద్యమం తెలుగుకు చేసిన మేలును చెప్పేటప్పుడు ఈ పరిమితినీ చెప్పాలి. జోగిపేట సభలోనే దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మను వేదిక మీదికి పిలిస్తే కొందరు అలిగి లేచిపోబోయారు. ఆయన అప్పటికే ఆది హిందువుల పిల్లలకు సొంతంగా బడులు నడుపుతున్నాడు. దళిత అమ్మాయిలకు వేరే దారి అవసరమైంది. తర్వాతి కాలంలో దళిత నేతలైన జె. ఈశ్వరీబాయి, టి.ఎన్. సదాలక్ష్మి ఇద్దరూ సికింద్రాబాదు కీస్ హైస్కూలులో చదివారు. 1928లో పుట్టిన సదాలక్ష్మి యుద్ధం ముగిసేనాటికి పదహారేళ్ళ పిల్ల. తర్వాత ఆమె ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతి అయింది.

హాస్టలు నేర్పిన చదువు

ఆ తరం విద్యార్థినులు ఎలాంటి వాళ్ళో కొన్ని జీవితాలే చెబుతాయి. ఆరుట్ల కమలాదేవికి చిన్నతనంలోనే పెళ్ళయింది, ఆ తర్వాతే పట్నం హాస్టల్లో ఉండి చదువుకుంది. మెడలో పుస్తెలతో బడికి వెళ్ళడం అప్పుడు వింత కాదు. పెళ్ళి చదువుకు అడ్డమయిన ఇళ్ళు వేలు, భర్త పట్టుదలతో చదువు సాగిన ఇళ్ళు కొన్నే. ఆమె ఆ తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టి, 1952లో ఆలేరు నుంచి శాసనసభకు వెళ్ళింది.

పాలమూరు బిజినేపల్లిలో 1929లో పుట్టిన పాకాల యశోదారెడ్డి నారాయణగూడ బడిలో యుద్ధకాలపు విద్యార్థిని. వెంకటరామారెడ్డి ప్రోత్సాహం లేకుంటే ఆమె ఊరు దాటేది కాదు. ఆమె తర్వాత కోఠి మహిళా కళాశాలలో తెలుగు చెప్పింది. 1973లో వచ్చిన ‘మావూరి ముచ్చట్లు’లో పాలమూరు పలుకునే కథల భాషగా నిలబెట్టింది. తెలుగులో చదవడమే ఒక పోరాటమైన చోట చదువుకున్న అమ్మాయి, బడి తెలుగును కూడా దాటి ఊరి తెలుగుకు వెళ్ళింది. ఘట్‌కేసరులో పుట్టిన సంగెం లక్ష్మీబాయి కార్వే విద్యాలయం చదువుతోపాటు గుంటూరులో ఉన్నవ దంపతులు నడిపిన శారదా నికేతనంలోనూ చదివింది. ఆమె 1967లో మెదక్ లోక్‌సభ సభ్యురాలు.

ముగ్గురూ ఇల్లు వదిలి చదివినవాళ్ళే. పాఠం ఒకటి, హాస్టలు రెండోది. వేరే జిల్లా పిల్ల పక్కన పడుకోవడం, వేరే యాస వినడం, పత్రిక చేతులు మారి చదవడం, సభకు వెళ్ళి వచ్చినవాళ్ళ కబుర్లు చెప్పుకోవడం ఇంట్లో దొరకని చదువు. 1935లో ఏర్పడిన ఆంధ్ర యువతీ మండలి వంటి సంఘాలు బడి బయట కూడా ఆడవాళ్ళు కలిసే చోటు చూపాయి.

బడి ఆగిన ఏడాది

1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ హైదరాబాదును భారత్‌లో కలపాలంటూ ‘జాయిన్ ఇండియా’ ఉద్యమం మొదలుపెట్టింది. విద్యార్థులు తరగతులు వదిలారు. ఆ తర్వాత పదమూడు నెలలు చదువు సవ్యంగా సాగలేదు. నిజాం పక్షపు సాయుధులైన రజాకార్ల భయంతో ఎన్నో కుటుంబాలు రాష్ట్రం సరిహద్దు దాటి తలదాచుకున్నాయి. ఏ ఇంట్లో భయం చొరబడినా ముందు ఇంటికి తిరిగొచ్చేది హాస్టల్లోని ఆడపిల్లే. 1948 సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి బయల్దేరిన భారత సైన్యం నల్దుర్గ్, జహీరాబాదు దాటుకుంటూ ఈ బొంబాయి రోడ్డు మీదే హైదరాబాదు వైపు వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు.

తెలుగు అమ్మాయికి ఇది తలుపు తెరుచుకున్న సమయం. ఉర్దూ అమ్మాయికి అదే తలుపు మూసుకుంది. ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. పక్కనున్న బీదరు జిల్లాలో ముస్లిం కుటుంబాలు దారుణమైన హింసను చవిచూశాయి. జహీరాబాదు, నారాయణఖేడ్ తాలూకాలు అప్పుడు బీదరులోనే ఉండేవి, 1956లో మెదక్‌లో కలిశాయి. నిన్నటి దాకా రాజభాషలో చదివిన పిల్లకు రాత్రికి రాత్రి ఆ భాషతో కొలువు రాదని తేలింది. పరీక్ష భాష మారితే ఎవరు గెలుస్తారు, ఎవరు ఓడతారు అన్నది ముప్పయ్యేళ్ళ తేడాలో ఈ జిల్లా రెండు వైపులా చూసింది.

1924లో నాంపల్లిలో ఇంటర్ తరగతులతో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీకి మారింది. తెల్లదొర ఏలిన మేడలో అమ్మాయిలు పాఠాలు విన్నారు. అయితే 1951 జనగణన నాటికి దేశంలో అక్షరం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 8.86 మందే.

కర్మాగారాలు వచ్చాక

1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ లేచింది, టౌన్‌షిప్ వచ్చింది, దాంతోపాటు బడులూ వచ్చాయి. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. ఆపై పారిశ్రామికవాడలు. ఉద్యోగి కూతురికి బడి ఇంటి పక్కకు వచ్చింది, పడక సమస్య తీరిపోయింది. చుట్టుపక్కల పల్లె పిల్లకు మాత్రం అది తీరలేదు. ఆమె కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు, 2004 తర్వాత కస్తూర్బా బాలికా విద్యాలయాలు రావలసివచ్చింది. బుదేరాలో ఇప్పుడు సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాల ఉంది. భూవసతి ఉన్న ఇంటి అమ్మాయికి ఆనాటి పట్నం హాస్టలు చేసిన పనిని ఈ గురుకులాలు కూలీ ఇంటి అమ్మాయికి చేస్తున్నాయి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకు చార్జీ లేదు. 27 బస్సుల నాటి రోడ్డు మీద ఇది చిన్న మార్పు కాదు. కోఠి కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. పుణె విద్యాలయం వెలసిన నూటారేళ్ళకు, అక్కడికి వెళ్ళిన దారికి సొంత గమ్యం దొరికింది.

పడక ప్రశ్న సగానికి పైగా తీరింది. భాష ప్రశ్న మాత్రం కొత్త ముఖంతో తిరిగొచ్చింది. ఇస్నాపూర్, పాశమైలారం గదుల్లో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ కార్మికుల కుటుంబాలు ఉంటున్నాయి. వాళ్ళ కూతురు ఇంట్లో ఒడియానో భోజ్‌పురీనో మాట్లాడి, వీధిలో తెలుగు విని, 2022–23 నుంచి ఇంగ్లీషు మాధ్యమమైన సర్కారు బడిలో కూర్చుంటోంది. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన మన అమ్మాయిలకు ఒకప్పుడు పరాయి రాష్ట్రంలోని విద్యాలయం పరీక్ష పెట్టింది. ఆ బాకీ తీర్చుకునే వంతు ఇప్పుడు సంగారెడ్డి జిల్లాదే. ఆ పిల్లకు మొదటి రెండు మూడేళ్ళయినా ఆమె భాష తెలిసిన టీచరు ఒకరుండాలి. తండ్రి కంపెనీ మారి గది ఖాళీ చేసినప్పుడు బడి మానకుండా ఆమెకు హాస్టల్లో చోటుండాలి. జోగిపేట మహిళా సభ కోరినదానికి ఈనాటి అర్థం ఇదే.