ఎంతమందికి ఒక టీచరు? చిత్తూరు బడి లెక్కల్లో ఆడవాళ్లు

2022 జూలైలో బడులు తెరిచిన వారం, చంద్రగిరికి అవతల ఒక ఊరికి పోయాను. ఆడవాళ్ల పని పాటలు రాసుకోవడం నా పని. పాటలు చెప్తామన్న ముగ్గురూ ఇంటి దగ్గర లేరు. బడి దగ్గర మీటింగంటే పోయినారని చెప్పారు. నేనూ అక్కడికే పోయి వరండాలో చివర కూర్చున్నాను.

ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు దూరంలో ఉన్న హైస్కూలులో కలుపుతున్నారు. మధ్యలో లారీలు పోయే రోడ్డు. మండలం నుంచి వచ్చినాయన ఓపిగ్గానే చెప్పాడు. ఒకే టీచరు అయిదు తరగతులు చెప్పడం కంటే సబ్జెక్టుకో టీచరు ఉండటం మేలు కదా అన్నాడు. కాదనలేని మాట. అప్పుడొక తల్లి లేచింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పనికి పోతుంది. "నేను ఆరుకే పొయ్యేస్తా సార్. నాలుగో తరగతి చదివే పెద్దబిడ్డే చిన్నోడిని అంగన్‌వాడీలో దింపి, పక్కనే ఇస్కూలుకు పోతా ఉండె. ఇప్పుడు ఆ బిడ్డను రోడ్డు ఎవురు దాటించేది? చిన్నోడిని ఎవురు దింపేది?"

"అది మీరు చూసుకోవాలమ్మా" అన్నాడాయన.

ఆయన కటువుగా అనలేదు. వేరే జవాబు ఆయన చేతిలో లేదు. మీటింగు అయ్యాక పుస్తకంలో రాసిన మాట చూశాను: "రవాణా సౌకర్యం కల్పించవలసిందిగా తల్లిదండ్రులు కోరినారు." ఆమె అడిగింది రవాణా గురించి మాత్రమే కాదు. నాలుగో తరగతి ఆడపిల్ల చేస్తున్న పని గురించి, తన కూలి గురించి, మూడేళ్ల పిల్లవాడి పొద్దుటి గురించి అడిగింది. ఆ మూడూ ఒక్క మాటలో కలిసి మాయమయ్యాయి. "మీరు చూసుకోవాలమ్మా" అన్న మాటకు ఈ ప్రాంతంలో వందేళ్ల చరిత్ర ఉంది. ఈ వ్యాసం ఆ మాట గురించే.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు వచ్చి చేరాయి. తొమ్మిదేళ్లకు 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. జిల్లాకొక విద్యామండలి, స్థానిక సంస్థలకు విద్య కోసం పన్ను వేసుకునే అధికారం, కావాలంటే తమ పరిధిలో నిర్బంధ విద్య పెట్టుకునే వీలు ఆ చట్టంతో వచ్చాయి. బడి ఎక్కడ పెట్టాలి, ఎంత ఖర్చు పెట్టాలి అనేది స్థానికంగా కూర్చుని మాట్లాడుకునే విషయం అయింది. కానీ రాష్ట్రంలో నిర్బంధం పెట్టిన చోట్ల కూడా చాలావరకు అది మగపిల్లలకే పరిమితమైంది. ఆడపిల్లలకు పెట్టాలంటే స్త్రీ టీచర్లు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి. డబ్బు చాలనప్పుడు ముందుగా ఎవరు వెనక్కి తగ్గాలో ఎవరూ చర్చించనక్కరలేకపోయింది.

ఆ రోజుల్లోనే ఈ జిల్లాలో ఉండి ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్న మనిషి మార్గరెట్ కజిన్స్. 1919లో మదనపల్లె థియసాఫికల్ కాలేజీకి రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చినప్పుడు జనగణమనకు ఆమె స్వరాలు రాసిపెట్టిందన్న సంగతి అందరికీ తెలుసు. ఆమె పూనికతో 1927లో పుణేలో మొదలైన అఖిల భారత మహిళా సభ మొదట విద్యా సంస్కరణల కోసమే ఏర్పడిందన్నది అంతగా గుర్తుండదు. ఆడపిల్లల చదువు ఎలా ఉండాలో ఆడవాళ్లే కూర్చుని చెప్పాలన్నది దాని పట్టు. ఆ సభలో చేరినవాళ్లు ఎక్కువగా చదువుకున్న పై కులాల, పై వర్గాల స్త్రీలు. పొద్దున్నే కూలికి పోయే తల్లి అందులో లేదు. అయినా బడి గురించి మాట్లాడే హక్కు తల్లులకు ఉందన్న మాట మన ప్రాంతం మీదుగా ఒకసారి నడిచిపోయింది.

ఆ తర్వాతి మలుపు 1953. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా చిత్తూరు మద్రాసు రాష్ట్రంలోదే. ఆ జూన్‌లో రాజాజీ ప్రభుత్వం గ్రామీణ బడుల్లో కొత్త పథకం పెట్టింది. పిల్లలను రెండు జట్లు చేసి, ఒక్కో జట్టుకు రోజుకు మూడు గంటలు మాత్రమే బడి. అదే టీచరు, అదే గది, రెట్టింపు పిల్లలు. కొత్తగా టీచర్లను వేయడానికి డబ్బు లేదన్నది కారణం. బడి లేని పూట మగపిల్లలు తండ్రి దగ్గర వృత్తి, ఆడపిల్లలు తల్లి దగ్గర ఇంటిపని నేర్చుకుంటారన్నది సమర్థన. ద్రావిడ ఉద్యమం దీన్ని కులవృత్తి చదువు అని పేరు పెట్టి ఎదిరించింది. 1954లో రాజాజీ దిగిపోయాక కామరాజ్ దాన్ని రద్దు చేశాడు. ఆ పోరాటం గెలవడం వల్ల ఎంతమంది దళిత, వెనుకబడిన కులాల పిల్లలకు పూర్తి పూట బడి దక్కిందో చెప్పనక్కరలేదు.

కానీ ఆ పథకాన్ని తల్లి వైపు నుంచి కూడా చదవాలి. ఒక టీచరుకు ఇంతమంది పిల్లలు ఎక్కువ అని ప్రభుత్వమే ఒప్పుకుంది. మరో టీచరును వేయలేదు. సగం పూట పిల్లలను ఇంటికి పంపి, ఇంట్లో ఉన్న ఆడమనిషిని జీతం లేని రెండో టీచరును చేసింది. ఆమె ఇంట్లో ఉంటుందని అనుకుంది కూడా. పొలాల్లో కూలి చేసే తల్లులు పగటి పూట ఇంట్లో ఎప్పుడున్నారు?

ఇప్పుడు రాజ్యాంగం దగ్గరికి వద్దాం. 1950 నాటి 45వ అధికరణం పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేళ్లలో అందించాలని రాసింది. ఏ వయసు నుంచి అన్నది రాయలేదు. అంటే మూడేళ్ల పిల్లవాడూ అందులో ఉన్నాడు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అంది. అక్కడా కింది హద్దు పెట్టలేదు. 2002లో 86వ సవరణ వచ్చింది. 21-ఎ అధికరణం చదువును ప్రాథమిక హక్కు చేసింది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు. ఆరు లోపు పిల్లలకు మిగిలింది మారిన 45వ అధికరణం: రాజ్యం ప్రయత్నం చేయాలి. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా మూడేళ్లు దాటిన వాళ్లకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అని ఊరుకుంది.

"చేయాలి"కీ "చేయవచ్చు"కీ మధ్య ఉన్న ఆ ఖాళీలో పనిచేసేది ఎవరు? ఇంట్లో తల్లి, అమ్మమ్మ, అక్క. ఇంటి బయట అంగన్‌వాడీ టీచరు, ఆయా. పిల్లల హక్కుగా కనిపించే ఈ విషయం ఆడవాళ్ల శ్రమ విషయం కూడా. హక్కు ఉన్న చోట బడ్జెట్ ఉంటుంది, లెక్క ఉంటుంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు విద్యాహక్కు చట్టం కచ్చితమైన పట్టిక ఇచ్చింది. అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు, తొంభై దాకా ముగ్గురు, నూట ఇరవై దాకా నలుగురు. అంగన్‌వాడీకి లెక్క వేరు. మామూలు ప్రాంతాల్లో 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం. జనాభాను లెక్కపెట్టారు. ఒక ఆడమనిషి ఎంతమంది మూడేళ్ల పిల్లలకు ఆటలూ పాటలూ చెప్పగలదో లెక్కపెట్టలేదు. ఆమె గర్భిణుల బరువు చూడాలి, గుడ్లూ పాలూ పంచాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోనులో ఫొటోలు ఎక్కించాలి. మధ్యలో ప్రీస్కూలు.

1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైనప్పుడు మెట్రిక్ చదివిన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, చదవనామెకు 100. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. స్థానిక స్త్రీ, స్వచ్ఛంద సేవ, కార్యకర్త అన్న మంచి మంచి మాటల చాటున ఒక టీచరు ఉద్యోగం చాలా తక్కువ ఖర్చుతో నడుస్తుంటే ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. 2006లో సుప్రీంకోర్టు వీళ్లు ప్రభుత్వ పదవిలో ఉన్నవారు కారంది. 2022 ఏప్రిల్‌లో మణిబెన్ కేసులో అదే కోర్టు వీళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందంది. ఆ తీర్పులో కోర్టు ఆధారపడిన వాటిలో విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా ఒకటి. కేంద్రాల్లో జరుగుతున్నది ప్రీస్కూలు చదువేనని గుర్తించింది. పిల్లవాడికి హక్కు ఇవ్వని సెక్షన్ చదువు చెప్పే ఆమెకు కొంత పనికొచ్చింది.

2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి టీచరుకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవలకు వాడే చట్టం అది. గౌరవ వేతనం ఇచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవ, సమ్మె చేసేటప్పుడు అత్యవసర సేవ. తిరుపతి, చిత్తూరు దీక్షా శిబిరాల్లో కూర్చున్న వాళ్లకు ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేకపోయింది.

మళ్లీ తరగతి గది దగ్గరికి వస్తాను. ఒక టీచరు, అయిదు తరగతులు అన్న సమస్య నిజమైనది. 1986 జాతీయ విద్యా విధానంతో వచ్చిన నల్లబల్ల పథకం ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే ఒకరు స్త్రీ అంది. ఈ జిల్లాలోనే దానికి మరో జవాబు కూడా పుట్టింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో 1980ల చివర నుంచి పద్మనాభరావు, రమ నడిపిన చిన్న బడుల్లో తరగతులను విడదీయలేదు. అన్ని వయసుల పిల్లలూ ఒకే గదిలో జట్లుగా కూర్చుని, బొమ్మల కార్డులతో, ఎవరి మెట్టు దగ్గర వాళ్లు చదువుకునే పద్ధతి తయారుచేశారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పోయింది. దాన్ని చూపించి ఒక టీచరు చాలని వాదించడం తప్పు. ఆ బడుల వెనక శిక్షణ ఉంది, సామగ్రి ఉంది, టీచరును ఒంటరిగా వదలని ఏర్పాటు ఉంది. పిల్లలు తక్కువగా ఉన్న బడి పనికిరాని బడి అన్న తీర్పును మాత్రం అది ప్రశ్నిస్తుంది. ఊళ్లోనే ఉన్న బడిని బాగుచేసే దారి ఒకటి ఉందని చూపిస్తుంది.

2022 జూన్ 10 నాటి 117వ నంబరు జీవో ఆ దారిన పోలేదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అంది. మన రాష్ట్రం అంగన్‌వాడీని, ఒకటి రెండు తరగతులను ఒక చోట ఉంచి, మూడు నుంచి పైతరగతులను హైస్కూళ్లకు పంపింది. కాగితం మీద ప్రీస్కూలుకు గుర్తింపు వచ్చింది. పేర్లు పీపీ-1, పీపీ-2 అయ్యాయి. అక్కడ చెప్పే ఆమె మాత్రం గౌరవ వేతనంలోనే ఉండిపోయింది. ఒకటి రెండు తరగతులు మిగిలిన చాలా బడులు ఒక్క టీచరు బడులయ్యాయి. ఆ జూలైలో రాష్ట్రమంతటా తల్లిదండ్రులు పిల్లలతో సహా రోడ్ల మీద కూర్చున్నారు. పత్రికల్లో వచ్చిన ఫొటోల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. కింద వార్తలో ఎక్కువగా ఉన్నవి ఉపాధ్యాయ సంఘాల నాయకుల మాటలు, పోస్టుల లెక్కలు. ఆ లెక్కలు ముఖ్యమైనవే. అయితే పోస్టు పోవడానికి ఒక సంఖ్య ఉంది, తల్లి కూలి పోవడానికి లేదు.

2024లో ప్రభుత్వం మారింది. 2025లో 117 జీవో రద్దయింది. తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. తరగతికొక టీచరు అన్నది తల్లిదండ్రులు ఎప్పటినుంచో అడుగుతున్నదే. దానికోసం కొన్ని ఊళ్లలో పిల్లలను మళ్లీ పక్క ఊరికి పంపాల్సి వచ్చింది, మళ్లీ అదే గొడవ.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం స్త్రీలు ఉండాలి. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఆ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. 1920 నాటి విద్యామండలితో పోలిస్తే ఇది ఎంతో ముందడుగు. కుర్చీ దక్కింది. మీటింగు పుస్తకంలో ఏ మాటలు ఎక్కాలన్నది ఇంకా మన చేతికి రాలేదు. సంతకం పెట్టమన్న చోట పెట్టడమే సభ్యత్వమైతే సగం మంది ఉన్నా ఒకటే.

2025 వేసవిలో మళ్లీ ఆ ఊరికి పోయాను. ఆ తల్లి ఫ్యాక్టరీ పని 2022లోనే మానేసింది. పొద్దున ఎనిమిదిన్నర దాటాక దొరికే పనికే పోతుంది, కూలి తక్కువ. "బడి బాగుండాదక్కా. నా పనే పొయ్యె" అంది నవ్వుతూ. పెద్దపిల్ల ఆరు పాసయింది. చిన్నవాడు ఒకటిలో చేరబోతున్నాడు.

ఏ బడ్జెట్‌లోనూ ఆమె పోగొట్టుకున్న మూడు సీజన్ల కూలి లేదు. బడుల విలీనంలో ఎన్ని పోస్టులు మిగిలాయో శాఖ దగ్గర లెక్క ఉంది. పిల్లలను దింపడానికి ఎంతమంది తల్లులు పని మార్చుకున్నారో, ఎంతమంది అక్కలు ఏ తరగతిలో ఉండగా ఆ పని చేశారో కూడా ఆ కాగితంలోనే ఒక గడి గీసి రాయాలి. కమిటీల్లో ఉన్న ఆడవాళ్లు వచ్చే మీటింగులో ఆ గడి అడగొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. "రవాణా సౌకర్యం" అని రాయబోతున్న చేతిని ఆపి, ఆమె చెప్పింది చెప్పినట్టే రాయండి అనడంతో మొదలుపెట్టొచ్చు.