గంజాయి దుకాణాల స్థలనిర్ణయం: ఒంటారియో పురపాలక సంఘాల అధికార పరిమితి

కెనడాలో 2018 అక్టోబరు 17న గంజాయి వినియోగం చట్టబద్ధమైంది. చిల్లర విక్రయ విధానాన్ని నిర్ణయించే బాధ్యత ప్రావిన్సులకు దక్కింది. ఒంటారియోలో తొలుత ప్రభుత్వ దుకాణాలనే తలపెట్టగా, 2018లో అధికారానికి వచ్చిన డగ్ ఫోర్డ్ ప్రభుత్వం ఆ వ్యాపారాన్ని ప్రైవేటు రంగానికి అప్పగించింది.

ఆ ఏడాది చేసిన గంజాయి లైసెన్సు చట్టం పురపాలక సంఘాలకు ఒక నిర్ణయాధికారాన్ని ఇచ్చింది: తమ పరిధిలో దుకాణాలు వద్దనుకుంటే 2019 జనవరి 22లోగా తీర్మానించాలి. 414 సంఘాలలో 77 అలా తీర్మానించాయి. వాటిలో మిస్సిసాగా, మార్కమ్ వంటి పెద్ద నగరాలున్నాయి. వద్దన్న సంఘం తరువాత అంగీకరించవచ్చు. అంగీకరించిన సంఘం మాత్రం వెనుదిరగలేదు.

అంగీకరించిన సంఘానికైనా దుకాణం ఏ వీధిలో ఉండాలో నిర్ణయించే అధికారం లేదు. భూవినియోగ నిబంధనల ద్వారా గంజాయి దుకాణాలను ఇతర చిల్లర దుకాణాల నుండి వేరుచేయడాన్ని చట్టం నిషేధించింది. పాఠశాలలకు 150 మీటర్ల దూరమన్న నియమం కూడా ప్రావిన్సు విధించినదే. ప్రతి ప్రతిపాదిత స్థలంపైనా సంఘమూ స్థానికులూ 15 రోజులలోగా లిఖితపూర్వకంగా అభిప్రాయం తెలుపవచ్చు. అయితే అది ప్రజారోగ్యం, భద్రత, యువజన రక్షణ, అక్రమ వ్యాపార నిరోధం అనే అంశాలకు లోబడి ఉండాలి. ఒకే వీధిలో దుకాణాలు గుమిగూడుతున్నాయన్న ఆందోళనకు వీటిలో స్పష్టమైన స్థానం లేదు.

2023లో మిస్సిసాగా తన నిర్ణయాన్ని మార్చుకొని దుకాణాలను అనుమతించింది. దానితో తిరస్కరించే హక్కును శాశ్వతంగా వదులుకుంది. మొత్తంగా కాదనగల సంస్థకు, ఔనన్న తరువాత హద్దు గీయగల అధికారం లేకపోవడమే ఈ చట్టంలోని వైరుధ్యం. స్థానిక స్వపరిపాలన ఇక్కడ అభిప్రాయ నివేదనగా కుదించుకుపోయింది.