లాఠీఛార్జి: ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది, మనకెందుకు?

పోస్ట్ కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

ఇంగ్లీషు పేపర్లలో పోలీసులు జనాన్ని "లాఠీఛార్జ్‌డ్" అని రాస్తారు. కర్రలతో కొట్టి చెదరగొట్టారని అర్థం. లండన్‌లో అయితే బేటన్ ఛార్జ్ అంటారు. లాఠీఛార్జ్ మాత్రం మన దేశంలో పుట్టిన క్రియ.

ఇందులో రెండు ముక్కలున్నాయి. లాఠీ హిందీ మాట. సంస్కృతంలో యష్టి, ప్రాకృతంలో లట్ఠి, చివరికి లాఠీ అయింది. కర్ర అనే అర్థం. మనం గొడ్ల వెంట పట్టుకుపోయే కర్ర కూడా అదే. ఛార్జ్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట్లో దానర్థం బండికి బరువెత్తడం, మనం మిర్చి బస్తాలు ఎత్తినట్టు. తర్వాత సైన్యం శత్రువు మీదికి దూకడానికి కూడా ఆ మాటే వాడారు. అంటే ఈ మాటలో ఎదురుగా ఉన్న జనం ముందే శత్రువు అయిపోయారు.

1928 అక్టోబర్ 30న లాహోర్‌లో సైమన్ కమిషన్‌ని వ్యతిరేకించిన ఊరేగింపు మీద లాఠీలు పడ్డాయి. దెబ్బలు తిన్న లాలా లజపతిరాయ్ నవంబర్ 17న చనిపోయారు. 1930లో మన ఒంగోలు దగ్గర దేవరంపాడులో టంగుటూరి ప్రకాశం పంతులు ఉప్పు సత్యాగ్రహం నడిపారు. ఆ ఏడే మే 21న గుజరాత్‌లోని ధరాసనలో చెయ్యెత్తకుండా నిలబడ్డవాళ్లని ఇనప పొన్ను వేసిన లాఠీలతో కొట్టారు. ఆస్పత్రిలో 320 మంది గాయపడ్డవాళ్లని లెక్కపెట్టానని, ఇద్దరు చనిపోయారని అమెరికన్ విలేకరి వెబ్ మిల్లర్ రాశాడు. ఆ వార్త ప్రపంచమంతా చదివింది.

ఇక మన సంగతి. తెలుగు పేపర్లో "లాఠీఛార్జి జరిగింది" అని ఉంటుంది, వాన పడింది అన్నట్టు. కొట్టింది ఎవరు, దెబ్బ తిన్నది ఎవరు, వాక్యంలో కనబడరు. "స్వల్ప లాఠీఛార్జి" అని కూడా రాస్తారు. తల పగిలినోడికి స్వల్పం ఏంటి?

ఇంకోటి. ఈ మాట గుంపుకే. ఒక్కణ్ణి స్టేషన్‌లో కూర్చోబెట్టి కొడితే దానికి పేపర్లో ఉన్న పేరు "విచారణ". మనవాళ్లకి ఎక్కువ తెలిసింది ఈ రెండోదే. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వాళ్లని పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా పెట్టిన సెటిల్‌మెంటే. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం పోయింది. అనుమానం మాత్రం ఇంకా పోలేదు.

చట్టం ఏమంటుందో తెలుసుకుందాం. కొత్త బీఎన్‌ఎస్‌ఎస్‌లో 148వ సెక్షన్, పాతదాంట్లో 129. చట్టవిరుద్ధంగా గుమిగూడినవాళ్లనీ, శాంతికి భంగం కలిగించేలా ఉన్న ఐదుగురూ అంతకంటే ఎక్కువ మందినీ ముందు వెళ్లిపొమ్మని ఆదేశించాలి. వినకపోతే, లేదా వినేది లేదని వాళ్ల తీరే చెబుతుంటే, అప్పుడే బలం వాడొచ్చు. అదీ చెదరగొట్టడానికే, శిక్షించడానికి కాదు. నేరం ఒప్పించడానికి కొట్టడమైతే ఏడేళ్ల దాకా జైలు పడే నేరం.

అందుకే మన గ్రూపులో ఎవరైనా ఇట్లాంటి సంగతి రాస్తే "లాఠీఛార్జి జరిగింది" అని వదిలెయ్యకండి. ఎవరు కొట్టారు, ఎవరిని, ఎవరి ఆర్డర్ మీద, ముందు వెళ్లిపొమ్మని చెప్పారా లేదా, టైమెంత, అన్నీ రాయండి. రేపు కాగితం మీద నిలబడేది అదే.