తెర మీది కుస్తీ, చెవిలోని పాట: పాత వీడియో గేముల సంగీతం చెప్పే చరిత్ర



చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, సంధి పత్రాలు గుర్తుకు వస్తాయి. కానీ ఒక తరం బాల్యంలో విన్న చప్పుళ్లకు కూడా చరిత్ర ఉంటుంది. ఈ ప్రసంగంలో అలాంటి ఒక చిన్న విషయాన్ని తీసుకుందాం. 1990లలో పెరిగినవారిలో చాలామంది అప్పట్లో ఆడుకున్న కుస్తీ వీడియో గేములను ఇప్పుడు మళ్లీ తెరిచి చూస్తున్నారు. బొమ్మలు మోటుగా ఉన్నా సర్దుకుంటారు. సంగీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అప్పట్లో మనల్ని అంతగా ఊపేసింది ఇదేనా?" అని నిరాశపడతారు. ఈ నిరాశకు కారణం యంత్రమా, వ్యాపార ఒప్పందాలా, లేక మన జ్ఞాపకమేనా? ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

టెలివిజన్ తెచ్చిన మల్లయోధులు

ముందుగా ఈ ఆటలు మన ఇళ్లలోకి ఎలా వచ్చాయో చూడాలి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో 'సైట్' అనే ఉపగ్రహ బోధన ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, అప్పటి మధ్యప్రదేశ్ కూడా ఉన్నాయి. ఆ ప్రయోగానికి కొనసాగింపుగా 1977లో రాయ్‌పూర్‌లో టెలివిజన్ ట్రాన్స్‌మిటర్ వెలిసింది. నేడు ఛత్తీస్‌గఢ్ రాజధాని అయిన ఆ నగరంలో, శంకర్ నగర్‌లో దూరదర్శన్ కేంద్రం ఉంది. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది కాబట్టి ఆ ఊరు తెలుగువారికి కొత్తది కాదు.

1982లో రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. 1991లో విదేశీ ఉపగ్రహ చానెళ్లు వచ్చాయి. వాటితోపాటే డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. కుస్తీ పోటీలు మన ఇళ్లలోకి ప్రవేశించాయి. ఆ సంస్థే 2002లో, ప్రకృతి పరిరక్షణ నిధితో పేరు గురించి నడిచిన వివాదంలో ఓడిపోయి, డబ్ల్యు.డబ్ల్యు.ఇ.గా మారింది. ఈ పోటీల్లో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయి. అంటే ఇది క్రీడ వేషం వేసుకున్న నాటకం. నాటకం కాబట్టే దానికి సంగీతం అంత ముఖ్యం.

పాత్ర ప్రవేశానికి ఒక దరువు

మన కూచిపూడి సంప్రదాయాన్ని గుర్తు చేసుకోండి. భామాకలాపంలో సత్యభామ రంగం మీదికి వచ్చేటప్పుడు ప్రవేశ దరువు ఉంటుంది. తానెవరో, తన గర్వం ఎంతటిదో ఆ దరువే ప్రేక్షకుడికి చెబుతుంది. అమెరికా కుస్తీలో ప్రవేశ గీతం చేసే పని కూడా అదే. మనిషి కనిపించకముందే పాట వినిపిస్తుంది. మొదటి రెండు స్వరాలు వినగానే జనం లేచి నిలబడతారు.

ఈ గీతాలు ఎక్కడి నుంచి వచ్చాయి? కొన్ని శాస్త్రీయ సంగీతం నుంచి తీసుకున్నవి. రాండీ సావేజ్ వచ్చేటప్పుడు వినిపించింది ఎల్గార్ 1901లో రాసిన కవాతు బాణీ. రిక్ ఫ్లెయిర్ ప్రవేశానికి వాడింది రిచర్డ్ స్ట్రాస్ 1896లో రచించిన వాద్య సంగీతం. 1990లో రంగప్రవేశం చేసిన అండర్‌టేకర్ గీతంలో షోపాన్ రాసిన శవయాత్ర బాణీ ఛాయ స్పష్టంగా వినిపిస్తుంది. మరికొన్ని కొత్తగా రాసినవి. 1985 నుంచి 2017 వరకు ఆ సంస్థలో పనిచేసిన జిమ్ జాన్‌స్టన్ అలాంటివి ఎన్నో సమకూర్చాడు. హల్క్ హోగన్ గీతం రిక్ డెరింజర్ పాడగా 1985లో విడుదలైన పాట. ఈ తేడాను గుర్తుంచుకోండి. ముందు ముందు ఇదే కీలకం అవుతుంది.

మొదటి కారణం: యంత్రం

ఈ గీతాలు వీడియో గేముల్లోకి ఎలా ఎక్కాయి? 1989లో నింటెండో యంత్రానికి రేర్ అనే బ్రిటిష్ సంస్థ 'రెజిల్‌మేనియా' గేమును తయారు చేసింది. దానికి సంగీతం డేవిడ్ వైజ్ సమకూర్చాడు. ఆ యంత్రంలోని శబ్ద విభాగానికి ఉన్నవి ఐదే గొంతులు. రెండు చతురస్ర తరంగాలు, ఒక త్రికోణ తరంగం, ఒకటి డ్రమ్ములాంటి రొద కోసం, ఒకటి చిన్న చిన్న శబ్ద ముక్కల కోసం. పెద్ద వాద్యబృందం వాయించే సంగీతాన్ని ఈ ఐదు గొంతుల్లో ఇమడ్చాలి. మూడు స్వరాలు ఒకేసారి పలకాల్సిన చోట వాటిని ఒకదాని వెంట ఒకటి మహా వేగంగా పలికించి, చెవికి కలిసి వినిపించినట్టు భ్రమ కల్పించేవారు.

అసలు పాటనే ఎందుకు పెట్టలేదు? చిన్న లెక్క వేద్దాం. ఆడియో సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, ఎడమ కుడి కలిపి రెండు మార్గాలు. అంటే సెకనుకు సుమారు 176 కిలోబైట్లు. ఆ రోజుల్లో ఒక గేము క్యాసెట్ మొత్తం పరిమాణం 128 కిలోబైట్లు ఉంటే, అందులో ఇంకేమీ లేకుండా పాటే నింపినా ఒక్క సెకను కూడా పట్టదు. అందుకే పాటకు బదులు, పాటను ఎలా వాయించాలో చెప్పే సూచనలను మాత్రమే అందులో దాచేవారు.

తర్వాతి తరం యంత్రమైన సూపర్ నింటెండోలో ఎనిమిది గొంతులు, శబ్దం కోసం 64 కిలోబైట్ల జ్ఞాపకశక్తి వచ్చాయి. 1992, 1993లలో వచ్చిన 'సూపర్ రెజిల్‌మేనియా', 'రాయల్ రంబుల్' గేముల్లో ప్రవేశ గీతాలు మరింత గుర్తుపట్టేలా వినిపించాయి. 1999లో వచ్చిన 'రెజిల్‌మేనియా 2000', 2000లో వచ్చిన 'నో మెర్సీ' నింటెండో 64 యంత్రానికి చెందినవి. ఆ క్యాసెట్లలో అతి పెద్దది కూడా 64 మెగాబైట్లే. కుదించని సీడీ సంగీతం అందులో ఆరు నిమిషాలకు మించి పట్టదు. అందుకే అక్కడ గీతాలు చిన్న ముక్కలుగా మారి, మళ్లీ మళ్లీ తిరుగుతూ వినిపిస్తాయి. అదే కాలంలో ప్లేస్టేషన్ వాడిన సీడీలో సుమారు 650 మెగాబైట్ల చోటు ఉండేది. రెండు యంత్రాల మధ్య వినికిడిలో తేడా ఇక్కడి నుంచే వచ్చింది.

రెండో కారణం: హక్కులు

సీడీ వచ్చింది, చోటు దొరికింది. అయినా నిరాశ పోలేదు, రూపం మార్చుకుంది. ఎందుకంటే ఒక పాటలో రెండు హక్కులు ఉంటాయి. ఒకటి బాణీ మీద హక్కు, రెండోది దాన్ని పాడి ముద్రించిన రికార్డింగు మీద హక్కు. చిప్‌తో బాణీని మళ్లీ వాయిస్తే మొదటి హక్కు ఉంటే సరిపోతుంది. అసలు రికార్డింగునే వాడాలంటే రెండూ కావాలి. యంత్రం మెరుగయ్యేకొద్దీ ఒప్పందాల బరువు పెరిగిందన్నమాట.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బాణీ మీద హక్కు స్వరకర్త మరణించిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఈ గడువు మొదట 50 ఏళ్లే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ టాగూర్ రచనల గడువు ముగియబోతున్న సందర్భంలో, 1992లో దీన్ని 60కి పెంచారు. రికార్డింగుకైతే ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లు. 1849లో మరణించిన షోపాన్ బాణీ ఎవరైనా వాడుకోవచ్చు. 1985 నాటి హోగన్ పాటకు మాత్రం యజమానులున్నారు. 1994లో హోగన్ పోటీ సంస్థకు మారినప్పుడు ఆ పాట అతని వెంట వెళ్లలేదు. కొత్త గీతం రాయించుకోవలసి వచ్చింది. మనిషి వేరు, అతని పాట వేరు అని అభిమానులకు తెలిసివచ్చిన సందర్భం అది. 2014లో మొదలైన ఆ సంస్థ ఇంటర్నెట్ ప్రసార సేవలో కూడా హక్కులు లేని చోట పాత పోటీల మీద వేరే సంగీతం అతికించారు. చూసేవారికి దృశ్యం పాతదే, వినికిడి మాత్రం కొత్తది.

మూడో కారణం: జ్ఞాపకం

ఇప్పుడు అన్నిటికన్నా ఆసక్తికరమైన కారణానికి వద్దాం. అమెరికా, జపాన్ టెలివిజన్ సెకనుకు 60 సార్లు తెరను గీస్తే, మనం స్వీకరించిన పాల్ పద్ధతి 50 సార్లు గీస్తుంది. ఆ రోజుల్లో అనేక గేములు సంగీతం వేగాన్ని తెర వేగంతోనే ముడిపెట్టాయి. 60 కోసం రాసిన గేమును ఏ మార్పూ లేకుండా 50 మీద నడిపితే, 30 సెకన్ల పాట 36 సెకన్లు సాగుతుంది. పైగా మన బజార్లలో 'టీవీ గేమ్' పేరుతో అమ్ముడైనవి ఎక్కువగా నకలు యంత్రాలు. కొన్ని నకలు చిప్‌లలో చతురస్ర తరంగం ఆకారాన్ని నిర్ణయించే అమరిక తారుమారై ఉండేది. స్వరం అదే, గొంతు వేరు.

దీని అర్థం ఏమిటి? ఈ రోజు కంప్యూటర్ మీద ఆ గేమును 60 వేగంతో, సరైన చిప్ స్వరంతో వింటున్న వ్యక్తి, తన బాల్యంలో వినని సంగీతాన్ని వింటున్నాడన్నమాట! "పాట మారిపోయింది" అని అతనంటే మనం నవ్వి, జ్ఞాపకం మోసం చేసిందంటాం. కానీ అతని చెవి సరిగ్గానే గుర్తుపెట్టుకుని ఉండవచ్చు. తయారీదారు దృష్టిలో తప్పుగా వినిపించినదే మన దేశంలో అసలు అనుభవం.

అలాగని జ్ఞాపకాన్ని పూర్తిగా నమ్మలేం. జ్ఞాపకమంటే దాచిన వస్తువును బయటికి తీయడం కాదని, ప్రతిసారీ కొత్తగా కట్టుకోవడమని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. టెలివిజన్‌లో విన్న నిండైన పాటను, గేములో విన్న సన్నని స్వరాన్ని మన మనసు ఏళ్ల తరబడి ఒకటిగా కలిపేస్తుంది. కాబట్టి సాక్షి చెప్పినదాన్ని తోసిపుచ్చకుండానే, యంత్రంతో సరిచూడాలి. చరిత్ర విద్యార్థి పద్ధతి ఇదే.

ఎందుకు భద్రపరచాలి?

"ఆటల సంగీతానికి ఇంత చర్చ అవసరమా?" అని మీరు అడగవచ్చు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు అధికారికంగా కొనడానికి దొరకవని 2023లో అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. కుస్తీ గేములకు ఇబ్బంది మరీ ఎక్కువ. సంస్థ పేరు, మల్లయోధుల రూపాలు, పాటలు, ఒక్కోదానికి ఒక్కో ఒప్పందం కావాలి. ఒక్కటి తెగినా గేము మొత్తం అటకెక్కుతుంది.

ఇక్కడ ఒక పాత అనుభవం మనకు దారి చూపిస్తుంది. బి.బి.సి. 1960లలో ప్రసారం చేసిన 'డాక్టర్ హూ' ధారావాహికలోని అనేక భాగాల టేపులను తర్వాత చెరిపేశారు. దృశ్యాలు పోయాయి. కానీ పోయిన భాగాల శబ్దం మాత్రం నేటికీ ఉంది. కారణం, ఇళ్లలో కూర్చున్న ప్రేక్షకులు టేప్ రికార్డర్లు పెట్టి దాన్ని పట్టుకున్నారు. సంస్థ పారేసినదాన్ని సామాన్యులు కాపాడారు.

2023 సెప్టెంబర్ 8న డబ్ల్యు.డబ్ల్యు.ఇ. ప్రదర్శన హైదరాబాద్ గచ్చిబౌలిలోని ఇండోర్ స్టేడియంలో జరిగింది. టెలివిజన్ పెట్టెలో చూసిన వినోదం తెలుగు నేలకు నేరుగా వచ్చింది. దాన్ని అమెరికా వాళ్లు రాసిపెట్టుకుంటారు. కానీ మన ఇళ్లలో, మన టీవీల మీద, మన నకలు యంత్రాల్లో ఆ పాట ఎలా వినిపించిందో వాళ్లు రాయరు. అది మన పని.

కాబట్టి ఈ ప్రసంగం చదివాక ఒక పని చేయండి. మీ అన్నయ్యో, బాబాయో, మేనమామో అటక మీద పడేసిన పాత టీవీ గేము ఉందేమో అడగండి. పనిచేస్తే దాని శబ్దాన్ని రికార్డు చేయండి. ఏ యంత్రం, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో కొన్నారో రాసుకోండి. వాళ్లను ఆ బాణీ కూనిరాగం తీయమని, దాన్ని కూడా రికార్డు చేయండి. రెండింటి వేగాన్ని పోల్చండి. తేడా ఎక్కడుందో మీకే తెలుస్తుంది.