కొల్లేటి రణము - రోమను సేన

చరిత్ర గ్రంథములు చదువు మన చందాదారులకు రోమను సేనల పేరు క్రొత్తది కాదు. ఆ సేనల యెదుట మన పూర్వుల చతురంగ బలములు నిలువగలిగియుండెడివా అను ప్రశ్న వినబడుచునే యుండును. ఈ ప్రశ్నను విచారించుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ఏలూరునకు దక్షిణమున నున్న కొల్లేరే చాలును.

క్రీ. శ. 7వ శతాబ్ది పూర్వార్ధమున బాదామి చాళుక్య ప్రభువగు రెండవ పులకేశి తూర్పు తీరముపై దండెత్తెను. క్రీ. శ. 634-35 నాటి ఐహొళె శాసనమున రవికీర్తి ఈ దండయాత్రను వర్ణించెను. మొదట పిష్టపుర దుర్గము, అనగా నేటి పిఠాపురము, పట్టువడెను. పిదప కునాల జలములలో పోరు జరిగెను. ఈ కునాలము మన కొల్లేరే యని పండితులు గుర్తించిరి. బారులు తీరిన ఏనుగులతో నిండి, క్షతగాత్రుల నెత్తుటితో ఎఱ్ఱబారిన ఆ నీటిని కవి మబ్బులు గ్రమ్మిన సంధ్యాకాశముతో పోల్చెను.

రోమను సేనకు ప్రాణము పదాతిబలము. చక్రవర్తుల కాలమున ఒక్కొక్క దళమున సుమారు 5 వేలమంది యుండిరి. 80 మంది చొప్పున జట్లుగా ఏర్పడి, ఒక్కొక్క నాయకుని ఆజ్ఞకు లోబడి నడచెడివారు. జీతము పుచ్చుకొని, ఇంచుమించు 25 ఏండ్లు కొలువు చేసెడివారు. దండు నడచునపుడు సాయంకాలమున విడిసిన చోటనెల్ల కందకము త్రవ్వి, మట్టికట్ట పోసి, ఆ పిమ్మటనే విశ్రమించుట వారి నియమము.

మన సేనా విధానము వేరు. పత్తి యనబడు మిక్కిలి చిన్న విభాగమున సైతము ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బంట్లు ఉండవలెనని శాస్త్రము. వంశానుగతముగా వచ్చిన మౌలబలము, జీతపు బలము, శ్రేణిబలము, మిత్రబలము, శత్రువులనుండి చేరిన బలము, అటవీబలము అని కౌటిల్యుడు సేనను ఆరు తెఱగుల విభజించెను. రాజుల విజయమునకు ఏనుగులే ముఖ్యములని ఆతని మతము.

మరి ఏనుగుల యెదుట రోమనులు నిలిచిరా? క్రీ. పూ. 280లో హెరాక్లియా యొద్ద వాటిని తొలిసారి చూచి బెదరి ఓడిరి. క్రీ. పూ. 202లో జామా యొద్ద హానిబాలు సుమారు 80 ఏనుగులను తోలగా, సిపియో తన బారుల నడుమ సందులు విడిచి వాటిని దాటిపోనిచ్చి గెలిచెను. ఏనుగు బెదరినచో స్వపక్షమునే త్రొక్కునని జీలము తీరమున పురుషోత్తముని సేన క్రీ. పూ. 326లోనే అనుభవించెను.

అయిన నేల మారిన బలాబలములును మారును. క్రీ. పూ. 217లో ట్రాసిమీను సరస్సు గట్టున పొగమంచులో హానిబాలు పొంచియుండి రోమనులను నీటిలోనికి తఱిమెను. సుమారు 15 వేలమంది మడిసిరి. వారి నాయకుడు ఫ్లమీనియసును కూలెను. బారు తీరుటకు చోటులేనిచో ఆ మహాసేన చేష్టలుడిగెను. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోయు ఒండ్రుతో నిండిన కొల్లేటి రొంపిలో వారి బారులు మాత్రము చెదరక నిలుచుట సాధ్యమా?

కావున శౌర్యమున ఎవరును తక్కువవారు కారు. రోమనుల ఆధిక్యము వేరొకచోట నున్నది. ట్రాసిమీను పిదప మరుసటి యేడు కానే యొద్ద ఇంకను ఘోరముగా ఓడియు, క్రొత్త దళములను కూర్చి, తుదకు ఆ యుద్ధమును గెలిచిరి. నాయకుడు కూలినను నిలుచు కట్టుబాటే వారి బలము.

వేరొక భేదము మనస్సును కలచునది. రోమను భటుల సమాధి శిలలపై వారి పేరు, ఊరు, కొలువు చేసిన ఏండ్లు నేటికిని చదువవచ్చును. కొల్లేటి నీటిని ఎఱ్ఱబఱచిన భటులలో ఒక్కని పేరును ఐహొళె శాసనము చెప్పదు. అందు మిగిలినవి రాజుల పేర్లు, కవుల పేర్లే. మన పల్లెలలోని వీరగల్లులు కొన్ని ఈ లోపమును కొంత తీర్చుచున్నవి; కాని వాటిని చదువువారు అరుదు.

ఆ దండయాత్ర ఫలము సామాన్యమైనది కాదు. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు ఈ దేశమునకు ప్రభువయ్యెను. ఆతని వంశమువారే తూర్పు చాళుక్యులై నాలుగు శతాబ్దులకు పైగా వేంగినేలిరి. ఆ వంశజుడగు రాజరాజనరేంద్రుని ఆస్థానముననే నన్నయ భారతాంధ్రీకరణమునకు పూనుకొనెను. పేరులేని భటుల నెత్తుటిపై నిలిచిన రాజ్యము మన భాషకు ఆదికావ్యమును ప్రసాదించినది.

రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమునకు ఇందొక కర్తవ్యము కలదు. గ్రామమున గట్లపై ఒఱిగిన శిలలను, పెద్దల నోట నిలిచిన పేర్లను వ్రాసి భద్రపఱచినచో, రాబోవు తరములవారు రాజుల చరిత్రతోపాటు జనుల చరిత్రయు చదువగలరు.